కనీస వేతనం పెంపు: ప్రకటించిన అంకెకూ చేతికందే కూలికీ మధ్య ఏం జరుగుతోంది

క్లుప్తంగా: నైపుణ్యం అవసరం లేని పనులకు కనీస వేతనం పెంచాలన్న డిమాండ్, పెంచితే ఉన్న ఉపాధి పోతుందన్న హెచ్చరిక, రెండూ పాతవే. 2025 నవంబర్‌లో వేతనాల కోడ్ అనే కొత్త చట్టం అమల్లోకి రావడంతో చర్చ మళ్లీ మొదలైంది. వేతనం అంకె ఏ లెక్కతో తేలుతుంది, అది ఎందుకు ఏళ్ల తరబడి కదలదు, పెంచితే ఉద్యోగాల మీద ఏ ప్రభావం పడుతుంది, పెరిగిన మొత్తం కార్మికుడి చేతికి చేరకుండా ఎక్కడ ఆగిపోతుంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అసలు చిక్కు అంకె దగ్గర కంటే ఈ చివరి ప్రశ్న దగ్గరే ఎక్కువగా ఉంది.

కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను 2025 నవంబర్ 21న అమల్లోకి తెచ్చింది. దాంతో 1948 నాటి కనీస వేతనాల చట్టం పోయి 2019 వేతనాల కోడ్ వచ్చింది. నెలకు రూ.26,000 కనీస వేతనం ఇవ్వాలని కేంద్ర కార్మిక సంఘాలు అడుగుతున్నాయి. అంత ఇస్తే చిన్న యూనిట్లు మూతపడతాయని యాజమాన్యాలు అంటున్నాయి. ఈ రెండు వాదాలను తూచాలంటే ముందు లెక్క తెలియాలి.

## అంకె ఎలా తేలుతుంది

కనీస వేతనం ఎంత ఉండాలన్న దానికి ఆధారం 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు చేసిన తీర్మానం. సంపాదించే ఒక్కరి మీద భార్య, ఇద్దరు పిల్లలు ఆధారపడతారని, ఆ కుటుంబం తిండి ఖర్చు ముగ్గురు పెద్దవాళ్ల ఖర్చుతో సమానమని అందులో లెక్క కట్టారు. మనిషికి రోజుకు 2,700 కెలోరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె లెక్కలోకి తీసుకుని, వీటికి తోడు వంట చెరకు, దీపం వంటి ఖర్చులకు మొత్తంలో 20 శాతం ఉండాలన్నారు. పిల్లల చదువు, వైద్యం, పెళ్లిళ్లు, ముసలితనం కోసం మరో 25 శాతం కలపాలని 1991లో రెప్టాకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

వేతనాల కోడ్ కోసం కేంద్రం 2020లో ప్రచురించిన ముసాయిదా నిబంధనలు ఇదే చట్రాన్ని తీసుకున్నాయి. బట్ట 66 మీటర్లు, అద్దె తిండి బట్టల ఖర్చులో 10 శాతం, ఇంధనం, కరెంటు వగైరాలకు వేతనంలో 20 శాతం, చదువు వైద్యాలకు 25 శాతం అని రాశాయి. కాగితం మీద పెట్టి చూస్తే ఈ సూత్రంలోని కీలకం బయటపడుతుంది. చివరి రెండు పద్దులు కలిపి వేతనంలో 45 శాతం కాబట్టి తిండి, బట్ట, అద్దె కలిసి మిగిలిన 55 శాతం అవుతాయి. ఒక కుటుంబం తిండి బట్టల ఖర్చు నెలకు రూ.9,000 అనుకుంటే అద్దె రూ.900, రెండూ కలిపి రూ.9,900. ఇది 55 శాతం అయితే మొత్తం వేతనం రూ.18,000. అంటే ఎప్పుడు లెక్కేసినా తిండి బట్టల ఖర్చుకు సరిగ్గా రెట్టింపు వస్తుంది. బియ్యం, కందిపప్పు, నూనె, కూరగాయల ధరలను ఏ మార్కెట్ నుంచి తీసుకున్నారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అక్కడ వంద రూపాయలు తగ్గించి చూపితే వేతనం రెండు వందలు తగ్గుతుంది.

ఈ సూత్రంలో బలహీనమైన పద్దు అద్దె. పై లెక్కలో వచ్చిన రూ.900కు హైదరాబాద్‌లో గానీ, విజయవాడ, విశాఖపట్నంలలో గానీ కుటుంబం ఉండగలిగే గది దొరకదు. ఆ తేడా తిండి ఖర్చులోంచో పిల్లల ఫీజులోంచో తీయాల్సిందే. కేంద్రం నియమించిన అనూప్ సత్పథి కమిటీ 2019లో ఇచ్చిన నివేదికలో ఈ లోపాన్ని కొంత సరిచేసింది. కుటుంబాన్ని 3.6 వినియోగ యూనిట్లుగా (పెద్దవాళ్లలో ఒకరి ఖర్చు ఒక యూనిట్), మనిషికి రోజువారీ ఆహారాన్ని 2,400 కెలోరీలు, 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వుగా తీసుకుని, 2018 జులై ధరల్లో రోజుకు రూ.375, అంటే నెలకు రూ.9,750 ఉండాలని చెప్పింది. పట్టణాల్లో రోజుకు రూ.55 వరకు ఇంటి అద్దె భత్యం విడిగా ఇవ్వాలంది. అదే ఏడాది కేంద్రం ప్రకటించిన జాతీయ కనీస స్థాయి వేతనం మాత్రం రోజుకు రూ.178. తన కమిటీ చెప్పిన దాంట్లో సగం కూడా కాదు. పైగా పాత చట్టం కింద ఆ అంకెకు రాష్ట్రాలు కట్టుబడాల్సిన పని లేదు.

ఒకే ఊళ్లో ఒకే పనికి కూడా రేటు మారుతుంది. రైల్వేలు, గనులు, ఓడరేవులు, కేంద్ర సంస్థల్లోని పనులకు కేంద్రం రేట్లు వర్తిస్తాయి. 2024 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 'ఏ' తరగతి నగరాల్లో ఊడ్చే పని, నిర్మాణం, సరుకు ఎక్కించి దించే హమాలీ పనులకు నైపుణ్యం లేని కార్మికుడికి రోజుకు రూ.783 ఇవ్వాల్సి ఉండేది. 26 రోజులకు రూ.20,358. హైదరాబాద్ ఆ తరగతిలోనే ఉంది. అక్కడి రైల్వే స్టేషన్‌లో చీపురు పట్టిన మనిషికి కేంద్రం రేటు వర్తిస్తుంది. బయటి ప్రైవేటు ఆసుపత్రిలో అదే పని చేసే మనిషికి వర్తించేది రాష్ట్రం నోటిఫై చేసిన రేటు. ఢిల్లీ ప్రభుత్వం 2025 ఏప్రిల్ నుంచి నైపుణ్యం లేని కార్మికులకు నెలకు రూ.18,456 చేసింది.

## కరువు భత్యం ఏం చేస్తుంది, ఏం చేయదు

రాష్ట్ర నోటిఫికేషన్లలో వేతనం రెండు ముక్కలుగా ఉంటుంది: మూల వేతనం, ధరలతో పాటు మారే కరువు భత్యం. రెండోది పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీని బట్టి ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో మారుతుంది.

లెక్కలో ఎక్కువగా పొరపాటు జరిగేది సూచీ మార్పిడి దగ్గర. ఇప్పుడు వెలువడే సూచీకి 2016 ఆధార సంవత్సరం, అంటే ఆ ఏడాది ధరలను 100గా తీసుకుంటారు. పాత నోటిఫికేషన్లు చాలావాటిలో 1982 ఆధారం. 2016 నుంచి 2001కి మార్చడానికి 2.88తో, అక్కడి నుంచి 1982కి 4.63తో గుణించాలి. ఇప్పటి సూచీ 140 అనుకుంటే పాత లెక్కలో అది సుమారు 1,867 పాయింట్లు. ఒక్క గుణకం మరిచినా భత్యం మొత్తం తలకిందులవుతుంది.

కరువు భత్యం కొనుగోలు శక్తిని నిలబెట్టగలదు గానీ పెంచలేదు. నిలబెట్టడమైనా పాయింటుకు ఎంత ఇస్తున్నారన్న దాని మీద ఉంటుంది. సూచీ 1,000 పాయింట్ల దగ్గర ఉన్నప్పుడు మూల వేతనం రూ.7,000గా నిర్ణయించారనుకుందాం. ధరల పెరుగుదలను పూర్తిగా భర్తీ చేయాలంటే పాయింటుకు రూ.7 ఇవ్వాలి. నోటిఫికేషన్‌లో రూ.5 అని రాస్తే సూచీ 100 పాయింట్లు పెరిగిన ప్రతిసారీ కార్మికుడు నెలకు రూ.200 కోల్పోతాడు. పదేళ్లు మూల వేతనం సవరించకపోతే కాగితం మీద వేతనం పెరుగుతున్నట్టే కనిపిస్తుంది, దానితో కొనగలిగే సరుకు మాత్రం తగ్గుతూ వస్తుంది.

## ఐదేళ్ల గడువు, గెజిట్ మెలిక

కనీస వేతనాన్ని ఐదేళ్లకు మించకుండా సమీక్షించాలని 1948 చట్టం చెప్పింది. కొత్త కోడ్ కూడా అదే చెబుతోంది. పాత చట్టంలో ఈ పనికి రెండు దారులుండేవి. ఒకటి కమిటీ వేసి సిఫార్సులు తీసుకోవడం. రెండోది ముసాయిదాను గెజిట్‌లో ప్రచురించి, కనీసం రెండు నెలల గడువిచ్చి అభ్యంతరాలు స్వీకరించడం, సలహా మండలిని సంప్రదించడం, ఆ తర్వాత తుది నోటిఫికేషన్ ఇవ్వడం. గెజిట్‌లో అచ్చయితేనే దానికి చట్టబలం. జీవో విడుదలైనంత మాత్రాన యజమాని మీద బాధ్యత పడదు.

తెలంగాణలో 2021 జూన్‌లో ఐదు రంగాలకు కొత్త రేట్లతో జీవోలు వచ్చాయి. గెజిట్‌లో ప్రచురించకపోవడంతో అవి అమలుకు నోచుకోలేదు, వివాదం హైకోర్టుకు ఎక్కింది. ఐదేళ్ల గడువు దాటితే ప్రభుత్వంపై చర్య తీసుకునే నిబంధన పాత చట్టంలో లేకపోవడమే ఇలాంటి జాప్యానికి మూలం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా రంగాల్లో మూల వేతనం గడువులోగా సవరణకు రాలేదు. వేతనం పెంచాలా వద్దా అన్న వాదన ఎంత వేడిగా సాగినా, ఎక్కువ మంది విషయంలో జరిగింది మాత్రం నిర్ణయమే లేకపోవడం.

## ఉద్యోగాలు పోతాయా

కూలి ధర పెరిగితే కూలీలను తక్కువగా పెట్టుకుంటారన్నది అర్థశాస్త్రంలో పాత సూత్రం. అది నిజమవ్వాలంటే యజమానులు చాలామంది ఉండి కూలీల కోసం పోటీ పడుతుండాలి. ఊళ్లో పని ఇచ్చేది ఒకరిద్దరే అయితే కూలి ఎంతన్నది వాళ్లే తేలుస్తారు. మనిషి చేసిన పని విలువ రూ.600 ఉన్నా రూ.350 ఇచ్చి సరిపెట్టగలరు. అప్పుడు చట్టం రూ.450 అని నిర్ణయిస్తే యజమానికి లాభం తగ్గుతుంది గానీ ఆ మనిషిని తీసేయడం వల్ల కలిసొచ్చేదేమీ లేదు.

అమెరికాలోని న్యూజెర్సీ 1992 ఏప్రిల్‌లో గంటకు 4.25 డాలర్ల కనీస వేతనాన్ని 5.05 డాలర్లు చేసింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. రెండు చోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను అర్థశాస్త్రవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ పోల్చి చూశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గినట్టు ఆధారం దొరకలేదు. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ వేతన రికార్డులతో లెక్కేసి దీన్ని గట్టిగా ప్రశ్నించారు. ఆ వాదం ఇప్పటికీ ముగియలేదు. 2025 నాటికి వేతనాన్ని 15 డాలర్లకు తీసుకెళ్తే ఏమవుతుందో అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం 2019లో అంచనా వేసింది. కోటీ 70 లక్షల మందికి జీతం పెరుగుతుందని, మధ్యస్థ అంచనా ప్రకారం 13 లక్షల ఉద్యోగాలు పోతాయని చెప్పింది. రెండు పక్షాలూ తమకు పనికొచ్చే సగాన్నే ఎత్తి చూపుతాయి. ఆ దేశంలో ఫెడరల్ కనీస వేతనం 2009 జులై నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఉండిపోయింది.

తెలుగు పాఠకులకు ఇంతకంటే దగ్గరి ఆధారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. ఉపాధి హామీ చెల్లింపులకు స్మార్ట్‌కార్డులు తెచ్చిన రోజుల్లో 157 మండలాల్లో, దాదాపు కోటీ 90 లక్షల జనాభాలో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ ఒక పెద్ద అధ్యయనం చేశారు. ఏ మండలాల్లో ముందు అమలు చేయాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. పథకం సక్రమంగా నడిచిన చోట పేద కుటుంబాల రాబడి 14 శాతం పెరిగింది. అందులో ఎక్కువ భాగం ఉపాధి హామీ కూలి నుంచి కాకుండా బయటి కూలి పనుల నుంచి వచ్చింది. ధరల పెరుగుదలను మినహాయించి చూసిన కూలి 11 శాతం పెరిగినా ఉపాధి తగ్గలేదు. ఊళ్లో మరో పని దొరుకుతుందన్న ధైర్యం వచ్చేసరికి కూలి బేరం మారింది. ఇది కనీస వేతన చట్టం మీద చేసిన అధ్యయనం కాదు. అయినా పల్లెల్లో కూలి పెరిగితే పనులు ఆగిపోతాయన్న వాదాన్ని ఎదుర్కొనేంత బరువు దీనికి ఉంది.

అలాగని అన్ని రంగాలూ ఒకటి కావు. సెక్యూరిటీ, పారిశుధ్యం, ఇళ్ల నిర్మాణం ఉన్న ఊళ్లోనే జరగాలి. వేతనం పెరిగితే ధర పెరుగుతుంది గానీ పని వేరే రాష్ట్రానికి పోదు. బీడీ, స్పిన్నింగ్ మిల్లులు, దుస్తుల తయారీ అలా కాదు. ఒక రాష్ట్రం పెంచి పక్క రాష్ట్రం పెంచకపోతే ఆర్డర్లు సరిహద్దు దాటుతాయి. జాతీయ స్థాయిలో అందరూ కట్టుబడే కనీస రేటు ఉండాలన్న వాదనకు బలం ఇక్కడే. నగరంలో అడ్డా మీద నిలబడే కూలీల సంగతి మళ్లీ వేరు. పని దొరికిన రోజు అక్కడి కూలి చాలాసార్లు నోటిఫికేషన్ రేటు కంటే ఎక్కువే ఉంటుంది. వాళ్ల ఇబ్బంది నెలలో ఎన్ని రోజులు పని దొరుకుతుందన్నది. అంకె పెంచినా అది తీరదు.

## వెయ్యి పెంచితే ఎవరికి ఎంత

అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో పనిచేసే ఒక పారిశుధ్య కార్మికురాలి వేతనం రూ.13,000 అనుకుందాం. పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం పోగా ఆమె చేతికి రూ.11,342.50 వస్తుంది. పని ఇచ్చిన సంస్థ మీద పడే భారం వేరే. యాజమాన్య పీఎఫ్, ఇతర రుసుములు కలిపి 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం, బోనస్ 8.33 శాతం చేరితే రూ.16,195 దాటుతుంది. జీఎస్టీ వర్తించే చోట 18 శాతం కలిస్తే రూ.19,110 దాకా వెళ్తుంది. కాంట్రాక్టరు సర్వీసు చార్జీ ఇందులో లేదు.

వేతనం వెయ్యి పెంచితే ఆమె చేతికి అదనంగా వచ్చేది రూ.872.50. సంస్థకు అదనంగా అయ్యేది సుమారు రూ.1,470. పీఎఫ్ సొమ్ము ఆమె ఖాతాలోనే ఉంటుంది కాబట్టి అది పోయినట్టు కాదు. అయినా యాజమాన్యాలు చూసే అంకె, కార్మికులు చూసే అంకె ఎందుకు వేరో ఈ లెక్క చెబుతుంది.

టెండర్లలో దీని ప్రభావం మరీ ఎక్కువ. తక్కువ కోట్ చేసిన వాడికే కాంట్రాక్టు దక్కుతుంది. వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ చట్టం ప్రకారం స్థిరం. తగ్గించుకోగలిగేది సర్వీసు చార్జీ ఒక్కటే. అది దాదాపు సున్నాకు దిగినప్పుడు కాంట్రాక్టరు లాభం వేతనం లోపలి నుంచే రావాలి. ఖాతాలో పడిన జీతంలో కొంత తిరిగి నగదుగా తీసుకోవడం, యూనిఫాం పేరిట కోత, పీఎఫ్ కట్టకపోవడం, 50 మంది పేర్లు రాసి 40 మందితో పని చేయించడం ఇలాగే మొదలవుతాయి. మున్సిపాలిటీ లేదా ఆసుపత్రి బడ్జెట్ పెరగకుండా రేటు మాత్రమే పెరిగితే ఈ కోతలు ఇంకా ఎక్కువవుతాయి.

## కూలి తరిగిపోయే మూడు చోట్లు

మొదటిది పనిగంటలు. చట్టం ప్రకారం మామూలు పనిదినం 8 గంటలు. అంతకు మించిన ప్రతి గంటకూ రెట్టింపు ఇవ్వాలి. సెక్యూరిటీ గార్డుల్లో 12 గంటల డ్యూటీ మామూలైపోయింది. నెలకు రూ.13,000 అంటే రోజుకు రూ.500, గంటకు రూ.62.50. 12 గంటలు పనిచేస్తే 8 గంటలకు రూ.500, మిగిలిన 4 గంటలకు గంటకు రూ.125 చొప్పున మరో రూ.500. అంటే ఒక డ్యూటీకి రెండు రోజుల కూలి రావాలి. విశ్రాంతి కింద ఒక గంట మినహాయించినా రూ.875 రావాలి. ఏజెన్సీలు దీన్ని ఒక్క డ్యూటీగా రాసి, కనీస వేతనానికి కాస్త అటూ ఇటూగా నెల జీతం ఇస్తాయి. హాజరు పట్టీలో 8 గంటలే ఉంటుంది. కనీస వేతనం ఇచ్చినట్టే రికార్డు చెబుతుంది.

రెండోది భాగహారం. నెల కనీస వేతనంలో వారపు సెలవుల కూలి కలిసి ఉంటుంది. రోజు రేటు కావాలంటే 26తో భాగించాలి. కొందరు 30తో భాగించి, పనిచేసిన రోజులకే లెక్కకడతారు. నెలకు రూ.12,000 ఉన్న కార్మికుడు 26 రోజులు పనిచేస్తే పూర్తి జీతం రావాలి. 30తో భాగిస్తే రోజుకు రూ.400, 26 రోజులకు రూ.10,400. నెలకు రూ.1,600 చప్పుడు లేకుండా పోతుంది.

మూడోది పీసు రేటు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఆడవాళ్లు ఇళ్ల దగ్గరే చుట్టే బీడీలకు కూలి వెయ్యి బీడీల చొప్పున ఉంటుంది. తునికాకు, తంబాకు కంపెనీ ఇవ్వాలి. ఆకు తక్కువగా గానీ నాసిరకంగా గానీ ఇస్తే వెయ్యి నిండడానికి ఆమె బయట కొనుక్కోవాలి. తూకం దగ్గర, లెక్క దగ్గర బాగా లేవని కొన్ని తీసేస్తారు. వాటికి కూలి రాదు, ఆకు తంబాకుల ఖర్చు మాత్రం ఆమె మీదే. రేటు పెరిగిన నెలలో కంపెనీ పని దినాలు తగ్గిస్తే నెల మొత్తం ఉన్నచోటే ఉంటుంది. పీసు రేటు పెంచేటప్పుడు వెయ్యి బీడీలకు ఎంత బరువు ఆకు ఇవ్వాలో, ఎన్నింటి వరకు తీసేయొచ్చో, నెలకు కనీసం ఎన్ని రోజులు పని ఇవ్వాలో కలిపి రాయకపోతే పెంపు నిలవదు.

అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు ఈ చట్రం బయటే ఉన్నారు. వారికి ఇచ్చేది గౌరవ వేతనం కాబట్టి కనీస రేటు వర్తించదని ప్రభుత్వాల వాదన.

## కొత్త కోడ్‌తో మారినవి

పాత చట్టం షెడ్యూల్‌లో పేరున్న రంగాలకే వర్తించేది. కోడ్ ఆ గీత చెరిపేసి అందరు ఉద్యోగులకూ కనీస వేతన హక్కు ఇచ్చింది. కేంద్రం నిర్ణయించే జాతీయ కనీస స్థాయి రేటుకు ఇక రాష్ట్రాలన్నీ కట్టుబడాలి. ఇప్పటికే అంతకంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం తగ్గించకూడదు. దాని ఫలితం అంకెను బట్టే ఉంటుంది. రూ.178కి కాస్త ఎగువన పెడితే తెలుగు రాష్ట్రాల్లో ఏ మార్పూ ఉండదు. సత్పథి కమిటీ అంకెను ఇప్పటి ధరలకు తెచ్చి పెడితే వెనకబడిన రాష్ట్రాల్లో కూలి గణనీయంగా కదులుతుంది. రిజర్వు బ్యాంకు గణాంకాల ప్రకారం 2022-23లో గ్రామాల్లో వ్యవసాయ కూలీ పురుషుడి సగటు రోజు కూలి కేరళలో రూ.764.30, మధ్యప్రదేశ్‌లో రూ.229.20. అంత అంతరం ఉన్న దేశంలో ఒకే అంకె అందరికీ సరిపోదు. ప్రాంతాల వారీగా వేర్వేరు రేట్లు పెట్టడానికి కోడ్‌లో వీలుంది.

శిక్షల విషయంలో మార్పు రెండు వైపులా ఉంది. తక్కువ చెల్లిస్తే పాత చట్టంలో రూ.500 వరకు జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇప్పుడు జరిమానా రూ.50,000 వరకు. ఐదేళ్లలో మళ్లీ అదే చేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. కానీ రికార్డులు, ఇతర నిబంధనల ఉల్లంఘనల్లో కేసు పెట్టే ముందు ఇన్‌స్పెక్టర్ యజమానికి సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలి. పట్టుబడితే అప్పుడు సరిదిద్ది బయటపడొచ్చన్న లెక్క దీనివల్ల బలపడే ప్రమాదం ఉంది. తనిఖీలు తక్కువగా ఉన్న చోట ఆ ప్రమాదం ఎక్కువ.

బకాయి అడగడానికి గడువు ఆరు నెలల నుంచి మూడేళ్లకు పెరిగింది. ఇది కార్మికులకు నిజంగా పనికొచ్చే మార్పు. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు సంస్థ చెల్లించాల్సి ఉంటుంది. మొదటి మెట్టు స్థానిక సహాయ కార్మిక అధికారి దగ్గర రాతపూర్వక ఫిర్యాదు. దానితో పాటు బ్యాంకు స్టేట్‌మెంట్, వేతన చీటీ, గుర్తింపు కార్డు, డ్యూటీ వేసిన వాట్సాప్ సందేశాలు, పీఎఫ్ పాస్‌బుక్ జత చేయాలి. ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారో రాసుకున్న మామూలు నోటుపుస్తకం కూడా ఆధారంగా చూపొచ్చు. వేతన చీటీ ఇవ్వడం యజమాని విధి. చీటీ లేదు కాబట్టి కేసు నిలవదని చాలామంది ఫిర్యాదు మానేస్తారు. కోడ్‌లోని 59వ సెక్షన్ ప్రకారం వేతనం ఇవ్వలేదనో తక్కువ ఇచ్చారనో ఫిర్యాదు వచ్చినప్పుడు, పూర్తిగా చెల్లించామని నిరూపించుకోవాల్సింది యజమానే.